మా బూత్ నంబరు మర్చిపోండి సార్: పురపాలక శాఖ మంత్రి గారికి ఒక జిరాక్స్ షాపు వాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. ఇది నా ఆరో అర్జీ. మొదటి అయిదూ నా షాపులోనే టైపు చేసి, నా మెషీన్ మీదే కాపీలు తీసి, నేనే మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను. అయిదింటికీ స్టాంపు వేసిన రసీదులు ఉన్నాయి. వాటికి కూడా జిరాక్స్ తీసి పెట్టుకున్నాను, అలవాటు కొద్దీ. జవాబు ఒక్కదానికీ రాలేదు. ఆరోది కూడా కౌంటర్లో ఇస్తే రసీదుల కట్ట లావెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదని, నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

సగంలో ఆగిపోయిన మా గల్లీ డ్రైనేజీ లైను సంగతి మీకు తెలియనిది కాదు. శాంక్షన్ ఎప్పుడైంది, టెండరు ఎవరికి పోయింది, ఎన్ని మీటర్లు వేశారు, అన్నీ ఫైల్లో ఉంటాయి. అవి మళ్లీ ఏకరువు పెట్టి మీ టైం తినను. ఫైల్లో లేనివి చెబుతాను.

ఎన్నికల కౌంటింగ్ రోజు మేమంతా టిఫిన్ సెంటర్ టీవీ ముందే ఉన్నాం. రౌండు రౌండుకీ లీడ్ అటూ ఇటూ మారుతుంటే మామూలు టెన్షన్ కాదు. చివరికి తేలిన తేడా ఎంత స్వల్పమంటే, ఓడినాయన రీకౌంటింగ్ అడిగినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. పక్కనున్న వాళ్లు అడగమని ఒత్తిడి చేశారు కూడా. ఆయన అడగలేదు. బయటికొచ్చి, జనం తీర్పు ఇదే, ఒప్పుకుంటున్నాను అని రెండు మాటలు చెప్పి, గెలిచినాయనతో చేయి కలిపి వెళ్లిపోయాడు. నేను ఎవరికి వేశానో చెప్పను కానీ, ఆ నిమిషంలో ఇద్దరి మీదా గౌరవం కలిగింది.

మా బస్తీ కూడా తక్కువ తినలేదు సార్. ఆ సాయంత్రం గెలిచిన పార్టీ కుర్రాళ్లు బ్యాండుతో మా గల్లీలోకి వచ్చారు. ఓడినాయన తరఫున బూత్ ఏజెంటుగా కూర్చున్న మేస్త్రీ అన్న ఇల్లు వచ్చేసరికి బ్యాండు ఆపేశారు. లోపల ఆయన తల్లి మంచం మీద ఉందని వాళ్లకు తెలుసు. ఆ ఇల్లు దాటాక మళ్లీ మొదలుపెట్టారు. రాత్రి మేస్త్రీ అన్నే అరుగు మీదికొచ్చి వాళ్లకు చాయ్ పోయించాడు. ఎన్నికల ముందు నెల రోజులు ఒకర్నొకరు ఎన్నెన్ని మాటలనుకున్నారో వినుంటే మీరు నమ్మరు. మర్నాటికి అందరూ మళ్లీ ఒకే నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డారు. లొల్లి ఖతం.

ఖతమైందనే అనుకున్నాం.

తర్వాత కొన్నాళ్లకు ఒకతను నా షాపుకొచ్చాడు. గెలిచినాయన వెంట తిరిగే మనిషే. ఫోన్లో పీడీఎఫ్ చూపించి ప్రింట్ తీయమన్నాడు. ఫారం 20. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో వరసగా ఉండే కాగితం. అదేమీ రహస్యం కాదు, ఎన్నికల అధికారులే వెబ్‌సైట్లో పెడతారు. తీసిచ్చాను. పేజీ మూడు రూపాయలు. కౌంటర్ మీదే పరిచి, ఒక హైలైటర్ కూడా ఇవ్వన్నా అన్నాడు. పసుపుపచ్చది ఇచ్చాను. నా కళ్ల ముందే ఒక్కో లైను మీద గీత లాగాడు. మా బూత్ దగ్గర రెండుసార్లు లాగాడు. ఓడినాయనకు మా బూత్‌లో దాదాపు రెండింతలు పడ్డాయి మరి. ఆ హైలైటర్‌కు పది రూపాయలు తీసుకున్నాను సార్. నా జీవితంలో అంత ఖరీదైన బేరం ఇంకోటి లేదు.

పని మొదలైంది. జేసీబీ వచ్చింది, మూడో గల్లీ తవ్వింది, పైపులు వేశారు, పైన సిమెంటు కూడా పోశారు. నీటుగా చేశారు, కాదనను. మా నాలుగో గల్లీ కూడా ఈ చివర నుంచి ఆ చివరి దాకా తవ్వారు. సగం దాకా పైపులు దింపారు. సరిగ్గా మా బూత్ ఇళ్లు ఎక్కడ మొదలవుతాయో అక్కడ ఆగిపోయారు. ఇంత కచ్చితంగా ఆగడానికి ఎంత కొలత కావాలి సార్! మిగిలిన పైపులు పదకొండు, గల్లీ మొదట్లో పడి ఉన్నాయి. పిల్లలు వాటిలో దాగుడుమూతలు ఆడుతున్నారు. ఒక పైపులో ఈ మధ్య కుక్క పిల్లల్ని పెట్టింది.

ఆ గుంత సంగతి కాస్త వినండి. మొదట్లో చుట్టూ రిబ్బన్ కట్టారు. రిబ్బన్ గాలికి పోయింది. ఇళ్లలోంచి దాటడానికి ఎవరి చెక్క వాళ్లు వేసుకున్నాం. మా ఇంటి ముందున్నది పాత తలుపు రెక్క. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆ రెక్క మీద నడవలేక గుడికి వెళ్లడం మానేసింది. పాత లైను తవ్వేటప్పుడే పగిలింది కాబట్టి మురుగంతా అదే గుంతలోకి పోతోంది. మంచినీళ్ల పైపు కూడా దాని పక్కనే ఉంది. నల్లా వదిలినప్పుడు మొదటి పావుగంట నీళ్లు వాసన కొడతాయి, అవి పారబోసి తర్వాతివి పట్టుకుంటాం. పావుగంట పోతే మిగిలేది ఎంతసేపో మీకు తెలుసు, మన హైదరాబాద్‌లో నల్లా ఎంతసేపు వస్తుందో మీకు నేను చెప్పాలా. వాన పడితే గుంత ఏదో రోడ్డేదో తెలియదు. మొన్న గట్టి వాన పడిన రాత్రి మేస్త్రీ అన్న ఇంట్లోకి మురుగు వచ్చింది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి తల్లిని పైకి లేపారు. బకెట్లతో తోడిపోసింది ఎవరనుకున్నారు? ఆ రోజు బ్యాండు వాయించిన కుర్రాళ్లే. ఒంటిగంట దాకా తోడారు.

అందులో ఒక కుర్రాడిది అసలు వింత కథ. గెలిచినాయన జెండా భుజాన వేసుకుని నెల రోజులు తిరిగాడు, గొంతు పోయేలా అరిచాడు. వాడి ఇల్లు మా బూత్ కిందికే వస్తుంది. కాబట్టి వాడి ఇంటి ముందూ గుంతే. ఆఫీసుకు వెళ్లి నేను మీ మనిషినే సార్ అంటే, మీ బూత్ లెక్క అలా లేదే అన్నారట. వాడు నా షాపులో కూర్చుని ఆ మాట చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగాలేదు. మా బూత్‌లో గెలిచినాయనకు వేసిన వాళ్లూ వందల్లో ఉన్నారు. మురుగు వాళ్లను విడిగా గుర్తుపట్టి వదిలేయడం లేదు.

ఇక ఆఫీసు. ఏ ఆఫీసో రాయను, మీకు ఎలాగూ తెలుసు. మొదటిసారి వెళ్తే బిల్లు రాలేదన్నారు. రెండోసారి ఎస్టిమేట్ మారిందన్నారు. మూడోసారి సార్ సైట్‌కు వెళ్లారన్నారు, సార్ లోపల టిఫిన్ చేస్తున్నారు. నాలుగోసారి ఒక చిన్న ఉద్యోగి బయటిదాకా వచ్చి, నెమ్మదిగా, అన్నా మీరు పై నుంచి చెప్పించుకోవాలి, మీ ఏరియా లిస్టులో లేదు అన్నాడు. ఏ లిస్టన్నా అని అడగలేదు. ప్రింట్ తీసింది నేనే కదా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారిని కూడా అనలేను, ఆయన చేతిలో ఎవరో కాగితం పెట్టారు.

గెలిచినాయన మీ పార్టీయా కాదా అన్నది వదిలేయండి. రేపు ఇంకొకరు గెలిస్తే ఇదే కాగితం, గీతలు మాత్రం మూడో గల్లీ మీద పడతాయి. 2019లో ఉత్తరప్రదేశ్‌లో ఒక కేంద్ర మంత్రి ఎన్నికల సభలోనే చెప్పారు, ఓట్ల శాతాన్ని బట్టి ఊళ్లను ఏ, బీ, సీ, డీ అని విడగొట్టి ఆ వరసలో పనులు చేస్తామని. ఎన్నికల సంఘం మందలించింది. మైకులో చెబితే మందలించడానికైనా వీలుంటుంది. హైలైటర్‌ను ఎవరు మందలిస్తారు?

అయినా తక్కువ తేడాతో గెలిచినప్పుడు ఎవరి బస్తీ ఎవరిది సార్? 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది. మా టిఫిన్ సెంటర్ ముందు పొద్దున ఎనిమిదింటికి అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. 1989లో అనకాపల్లి పార్లమెంటు సీటు 9 ఓట్లతో పోయింది. తొమ్మిది మందంటే ఒక షేర్ ఆటో. మన దగ్గర 2018లో ఆసిఫాబాద్ 171తో, 2023లో చేవెళ్ల 268తో తేలాయి. 2023లో రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కూ బీఆర్ఎస్‌కూ ఓట్ల తేడా రెండు శాతం చిల్లరే. ఆ డిసెంబర్ 3న ఫలితం రాగానే కేటీఆర్ గారు కాంగ్రెస్‌కు అభినందనలు చెప్పారు. వారం తిరిగేసరికి, తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్న కేసీఆర్ గారిని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు వెళ్లి పరామర్శించారు. టీవీలో చూసి మా అమ్మ, ఎంతైనా పెద్దమనుషులు అంది. నేనూ అవునన్నాను. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయని సామెత. ఇక్కడ ఆంబోతులు రెండూ రాజీపడి గడ్డి మేస్తున్నాయి, దూడలు కూడా కలిసే ఉన్నాయి. మరి కాళ్లు ఎందుకు విరుగుతున్నట్టు?

ఒక మందు ఉందని నాకు ఈ గుంత పుణ్యాన తెలిసింది. బ్యాలెట్ కాగితాల రోజుల్లో, అవసరమనుకున్న చోట ఓట్లన్నీ కలగలిపి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎంలు వచ్చాక ఆ వీలు పోయింది. టోటలైజర్ అని ఒక యంత్రం పెడితే కొన్ని మెషీన్ల ఓట్లు కలిపి ఒకే మొత్తం చూపిస్తుందట, ఏ బూత్ ఎటు వేసిందో బయటపడదు. ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో పెట్టమంది. కేంద్రం వద్దంది. ఎందుకయ్యా అంటే, బూత్‌ల లెక్క తెలిస్తే తక్కువ ఓట్లొచ్చిన చోట పార్టీలు ఇంకా ఎక్కువ పని చేస్తాయని! ఆ మాట రాసిన వారిని ఒక్కసారి మా గల్లీకి పంపండి. చెక్క మీద జాగ్రత్తగా నడిపిస్తాను.

అది ఢిల్లీలో తేలాల్సింది, మీ చేతిలో లేదంటారు. ఒప్పుకుంటాను. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. కింది ఆఫీసులకు ఒక మాట చెప్పండి, పని చేసేటప్పుడు గల్లీ చూడండి, బూత్ చూడొద్దని. సర్క్యులర్ వద్దు, సర్క్యులర్లకు నా దగ్గరే కాపీలు తీసుకుంటారు, ఆ తర్వాత అవి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఫోన్ చేసి చెప్పండి చాలు. ముందు ఆ పదకొండు పైపులు దింపించండి. మా బూత్ తప్పు చేసిందని మీకనిపిస్తే, తప్పో ఒప్పో వేసేశాం, మేం ఓడాం, ఒప్పుకున్నాం, చేయి కూడా కలిపాం. ఇంకా ఏం ఒప్పుకోవాలో చెబితే అదీ టైపు చేసి, అందరి సంతకాలతో తెస్తాను. దయచేసి ఆ పైపులు దింపించండి.

రేపు మా బస్తీలో ఎవరైనా, ఈసారి మూడో గల్లీ వాళ్లు ఎటు వేస్తే అటే వేద్దాం అంటే నాకేం చెప్పాలో తెలియదు. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అంటున్నారు. మూడో గల్లీ వాళ్లను చూస్తే నాకూ లోపల ఏదో గుచ్చుకుంటోంది, వాళ్లు చేసిందేమీ లేకపోయినా. నిన్న అక్కడినుంచి ఒకావిడ ఆధార్ కాపీకి వచ్చి, మీ లైను ఎప్పుడేస్తారన్నా అని మామూలుగానే అడిగింది. చిల్లర లేదని విసుక్కున్నాను. డబ్బా నిండా చిల్లర ఉంది సార్.

మీరు వస్తానంటే ముందుగా కబురు అక్కర్లేదు. పైపుల దగ్గర బండి ఆపండి, లోపలికి కారు రాదు. బూట్లు కాకుండా చెప్పులతో రండి. డ్రైవర్‌కు ఒక మాట చెప్పండి, రెండో పైపు దగ్గర హారన్ కొట్టొద్దని. పిల్లల తల్లి కుక్క ఉంది, మీద పడుతుంది.

ఇట్లు,
జిరాక్స్ షాపు వాడు,
నాలుగో గల్లీ, హైదరాబాద్
(జతపరిచినవి: అయిదు రసీదులు, జిరాక్స్ కాపీలు. ఒరిజినల్స్ ఇవ్వను.)