ఎర్ర మందు, చిన్న గాడి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం అందింది. వదినగారికి విశాఖలో మూడో విడత ఎర్ర మందు ఎక్కించారనీ, ఆ రాత్రి మూత్రం ఎర్రగా వస్తే రక్తమేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయారనీ, ‘ఇది కూడా యాంటీబయాటిక్ జాతి మందే’ అని డాక్టరుగారు అన్నప్పటి నుంచి నీకు మనసు మనసులో లేదనీ రాశావు. మూత్రం సంగతికి భయపడకండి, మీ ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, సహజంగానే ఎర్రటి పదార్థం, ఒకటి రెండు రోజుల్లో ఆ రంగు పోతుంది. జ్వరాలకు వాడే మందుల చుట్టం క్యాన్సరు వార్డులోకి ఎలా వచ్చింది, వచ్చినది రోగకణాన్ని ఎలా గుర్తుపడుతోంది అన్న రెండు ప్రశ్నలకు మాత్రం తీరిగ్గా జవాబు రాయాలనిపించి, కాలేజీ పేపర్లు దిద్దడం పక్కన పెట్టి కూర్చున్నాను. రెండో ప్రశ్నకు జవాబు నీకు రుచించదు, అయినా ముందే చెప్పేస్తాను: ఆ మందు రోగకణాన్ని గుర్తుపట్టదు. అది గుర్తుపట్టేది డీఎన్ఏలోని కొన్ని అక్షరాల వరుసను, అదీ అరకొరగా.

నిన్న సాయంత్రం కొండల మీది నుంచి వాన దిగి, వీధంతా మట్టి వాసన కమ్ముకుంది. ఆ వాసనకు పెద్ద కారణం జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని వండే వాటిలో ముఖ్యమైనవి మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసెస్ అనే సూక్ష్మజీవులు. మనం మాట్లాడుకుంటున్న మందులు కూడా ఆ వంటింట్లోవే. 1940లో అమెరికాలో వాక్స్‌మన్, వుడ్రఫ్ అనే శాస్త్రవేత్తలు కలిసి మట్టి సూక్ష్మజీవి నుంచి యాక్టినోమైసిన్‌ను వేరు చేశారు. అది బాక్టీరియాను చంపింది, కానీ మందు ఇచ్చిన జంతువులను కూడా చంపింది. కనుక జ్వరాలకు పనికిరాదని తేలిపోయింది. తరవాత అదే విషాన్ని కొలిచి కొలిచి వాడి, పసిపిల్లల మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ కణితికి మందుగా చేశారు. మీ ఎర్ర మందు వంశం ఇటలీలో కాస్టెల్ డెల్ మాంటే కోట దగ్గరి మట్టిలోంచి వచ్చింది. సూక్ష్మజీవి చేసిన విషం కాబట్టి యాంటీబయాటిక్ అన్న ఇంటిపేరు నిలిచిపోయింది, అంతకు మించి నీ మొదటి ప్రశ్నలో ముడి ఏమీ లేదు.

ఇక అసలు విషయం. డీఎన్ఏను మెలితిరిగిన నిచ్చెనతో పోలుస్తారు. నాకు మాత్రం దాన్ని తమలపాకుల కట్టగా ఊహించుకోవడమే ఇష్టం. దాని అక్షరాలు నాలుగు: ఏ, టీ, జీ, సీ. ఏకు టీ, జీకి సీ జంట. ఒక్కొక్క అక్షరాల జంట ఒక ఆకు. ఆకు మీద ఆకు, ఆకుకూ ఆకుకూ మధ్య 3.4 ఆంగ్‌స్ట్రాముల ఎడంతో పేర్చి ఉంటాయి (మిల్లీమీటరులో కోటోవంతు ఒక ఆంగ్‌స్ట్రామ్ అనుకో). కొన్ని మందులు పలచటి పళ్లెంలాంటివి. అవి కట్టలో రెండు ఆకులను ఎడం చేసి మధ్యలోకి జొరబడతాయి. దానితో కట్ట ఒక ఆకు మందం పొడుగవుతుంది, మెలిక కొంత వదులవుతుంది. రంగు పదార్థాలు ఇలా దూరతాయని 1961లో లెర్మన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. నేను పరిశోధన చేసే రోజుల్లో ఎథిడియం అనే అలాంటి రంగు కలిపిన జెల్ పలకను అతినీలలోహిత దీపం మీద పెట్టిన ప్రతిసారీ, చీకటి గదిలో డీఎన్ఏ ఉన్నచోటల్లా నారింజరంగు గీతలు వెలిగేవి. ఆకుల మధ్య ఇరుక్కున్న అణువే అలా వెలుగుతుంది, బయట తిరిగే అణువు మిణుకుమిణుకుమంటుందంతే. ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టేది కాదు.

అయితే ఉత్త పళ్లెం ఏ రెండు ఆకుల మధ్యనైనా దూరిపోగలదు. చోటును ఎంచుకోవడానికి దానికి చేతులు కావాలి. ఆ చేతులు తడిమేది గాడిని. మెలితిరగడం వల్ల డీఎన్ఏ చుట్టూ రెండు గాళ్లు ఏర్పడతాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మన శరీరంలోని ప్రోటీన్లు ఎక్కువగా పెద్ద గాడిలోంచి చదువుతాయి, ఈ చిన్న మందులకు ఎక్కువగా చిన్న గాడే ఆధారం. చిత్రమేమిటంటే చిన్న గాడిలో అక్షరాలు సరిగా కనబడవు. ఎదురెదురుగా ఉన్న ఏ, టీ జంటను తిరగేసి టీ, ఏ చేసినా ఆ గాడిలోంచి తడిమితే దాదాపు ఒకేలా తగులుతుంది. తేడాగా తగిలేది ఒక్కటే: జీ అనే అక్షరం, అంటే గ్వానీన్, తన అమైనో గుంపును గాడి నడిమధ్యకు ముల్లులా పొడుచుకొని ఉంటుంది. మా అత్తయ్యకు ఒడియా చదవడం రాదు, అయినా బస్టాండులో పాతపట్నం బస్సును ఏనాడూ తప్పలేదు. బోర్డు చదవకుండా బండి రంగును బట్టి ఎక్కేస్తుంది. ఈ మందులది కూడా ఆ చదువే.

ఆ ముల్లు కొన్నింటికి అడ్డం, కొన్నింటికి ఆసరా. నెట్రాప్సిన్ అనేది నెలవంకలా వంగిన సన్నటి అణువు. మా వీధి చివర కొమ్ము పని చేసే ఇల్లు నువ్వు చూశావు కదా, అక్కడ కొమ్మును నిప్పు సెగకు కాచి మెత్తబరిచి, తల ఒంపుకు సరిపోయేలా వంచి దువ్వెన చేస్తారు. నెట్రాప్సిన్ ఒంపు కూడా గాడి ఒంపుకు అచ్చంగా అలాగే కుదురుతుంది. దాని లోపలి అంచున ఉన్న హైడ్రోజన్లు ఏ, టీల అంచులను పట్టుకుంటాయి, రెండు కొసల ధనావేశం గాడిలోని రుణావేశానికి అతుక్కుంటుంది. 1985లో డికర్సన్ బృందం పన్నెండు జంటల డీఎన్ఏ స్ఫటికంలో దీన్ని చూపించింది. నడుమనున్న ఏ ఏ టీ టీ అన్న నాలుగక్షరాల మీద, అంతకు ముందు అక్కడ వెన్నెముకలా పేరుకొని ఉన్న నీటి అణువులను తోసేసి, మందు కూర్చొని ఉంది. అక్కడే ఒక్క జీ ఉంటే చిక్కులో పడ్డ దువ్వెనలాగా ముల్లుకు తట్టుకొని ఆగిపోయేది. యాక్టినోమైసిన్ దీనికి సరిగ్గా తలకిందులు. దాని పళ్లెం జీ, సీ అన్న రెండు మెట్ల నడుమ దూరుతుంది. ఇరుపక్కలా వేలాడే రెండు ఉంగరాల్లాంటి పెప్టైడ్లు (ప్రోటీన్ తునకల్లాంటివి) గాడిలో వాలి, ఇటొకటి అటొకటి గ్వానీన్ ముల్లును పట్టుకుంటాయి. ముల్లు లేకపోతే దానికి పట్టు లేదు.

ఇదంతా స్ఫటికాలు చూసి అల్లిన కథ కాదని ఎలా నమ్మడం అంటావేమో. డీఎన్ఏను ఎడాపెడా కోసే ఎంజైమును వదిలి, తెగిన ముక్కలను జెల్ మీద పొడుగువారీగా పేరుస్తారు. మందు కూర్చున్న చోట కత్తి పడదు, అందుకని నిచ్చెనలాంటి గీతల్లో అక్కడ ఖాళీ కనబడుతుంది. వాన వెలిశాక వీధిలో ఆగిన బండిని పక్కకు లాగితే దాని కింద పొడినేల మిగిలి ఉంటుందే, అదే పద్ధతి. ఆ పొడినేల కొలతను బట్టి బండి ఎక్కడ నిలిచిందో చెప్పేస్తారు.

ఈ పద్ధతితోనే కేంబ్రిడ్జిలోని వారింగ్, ఫ్రాన్సులోని బెయిలీ చేసిన పని నాకు అన్నింటికంటే ఇష్టం. వాళ్లు గ్వానీన్ బదులు ముల్లు లేని ఇనోసీన్‌ను పెట్టారు, ముల్లు లేని ఎడినీన్ (అంటే ఏ అక్షరం) బదులు ముల్లు మొలిపించిన డయామినోప్యూరీన్‌ను పెట్టారు. అక్షరాల వరుస కాగితం మీద చూస్తే మారలేదు, ముళ్లు మాత్రం ఇల్లు మారాయి. 1995లో వాళ్లు అచ్చువేసిన ఫలితాల్లో మందులు పాత చోట్లు వదిలేసి ముళ్ల వెంట నడిచాయి. ముల్లంటే గిట్టనివి ముల్లు పోయిన చోటికి వచ్చి చేరాయి, ముల్లు కావలసినవి ముల్లు మొలిచిన చోటికి పోయాయి. ఒక వాదాన్ని ఇంత శుభ్రంగా తేల్చిన ప్రయోగాలు రసాయనశాస్త్రంలో అరుదు.

ముల్లు సంగతి తెలిశాక మనుషులు ఊరుకుంటారా? నెట్రాప్సిన్‌లోని పిరోల్ వలయం మీద ముల్లుకు తగిలే కార్బన్ బదులు నత్రజనిని పెడితే, అంటే దాన్ని ఇమిడజోల్ చేస్తే, అడ్డమైన ముల్లే పట్టుగా మారుతుందని ఆలోచించారు. రెండు వరుసల వలయాలు పక్కపక్కన గాడిలో ఇమడగలవని 1989లో తేలింది. డెర్వన్ బృందం వాటిని తలపిన్నులా వంచి కలిపి, ఏ అక్షరానికి ఏ వలయాల జత అన్న లెక్కతో కోరిన వరుసకు తగిన అణువులు తయారు చేసింది. అంత దూరం వెళ్లినవి ప్రయోగశాలలో. మీ వార్డులో ఉన్నది మట్టి సూక్ష్మజీవి చేసిన మందే.

ఇప్పుడు చిన్న లెక్క వెయ్యి. నాలుగు అక్షరాల ఫలానా వరుస సగటున 256 చోట్లకొకటి వస్తుంది. మన డీఎన్ఏ ఒక ప్రతిలో దాదాపు 300 కోట్ల జంటలున్నాయి, అంటే అలాంటి చోట్లు కోటికి పైమాటే. ఒకే ఒక్క చోటును పేరు పెట్టి పిలవాలంటే కనీసం పదహారు అక్షరాలు చదవగలగాలి, ఎందుకంటే నాలుగును పదహారుసార్లు హెచ్చవేస్తేనే లెక్క 400 కోట్లు దాటుతుంది. డాక్సోరుబిసిన్ పట్టించుకునేది మూడక్షరాల మేర. సీ, జీలు పక్కపక్కన ఉండి దాపున ఒక ఏ గానీ టీ గానీ ఉంటే దాని పళ్లెం అక్కడ దూరి, దానికి చెయ్యిలా ఉన్న చక్కెర ముక్క చిన్న గాడిలో వాలుతుంది. ఆ వరుస కణితిలోనూ ఉంది, వదినగారి జుట్టు కుదుళ్లలోనూ ఉంది, గుండెలోనూ ఉంది.

మరి కణితికే ఎక్కువ దెబ్బ ఎందుకు తగులుతుందంటే, విభజన జరిగే కణం డీఎన్ఏ మెలికలు విప్పుకోవడానికి టోపోఐసోమరేజ్ అనే ఎంజైముతో రెండు పోగులనూ కోసి మళ్లీ అతుకుతుంది. ఈ మందు ఆ అతుకు పడకుండా ఆపేస్తుంది. తొందరతొందరగా విభజన చెందే కణాల్లో ఆ కోత ఎక్కువ, కనుక నష్టమూ ఎక్కువే. జుట్టు రాలడానికి, నోరు పూయడానికి, రక్తకణాలు తగ్గడానికి కారణం ఇదే. అవి కూడా తొందర కణాలే. గుండెకు ఎకో తీయించమన్నది ఎందుకని అడిగావు. ఈ మందు గుండె కండరాన్ని వేరే దారిన దెబ్బతీయగలదు, అందుకే జీవితకాలంలో ఎక్కించే మొత్తం మోతాదుకు హద్దు పెడతారు. ఆ కాగితాలన్నీ, ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కించారన్న లెక్కతో సహా, ఒకే కవరులో దాచమని వదినగారికి చెప్పు. వేరే ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినా ఆ లెక్క చేతిలో ఉండాలి.

విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి దానితో తానే ఎందుకు చావదని నీ మూడో ప్రశ్న, చివర్లో పెన్సిలుతో రాసింది. దాని పొరలో మందును బయటికి తోడిపోసే పంపులున్నాయి. మన కణితుల్లో కొన్ని అదే విద్య నేర్చుకొని మందును బయటికి తోసేస్తాయి, అందుకే ఒక్కొక్కసారి మందు మార్చవలసి వస్తుంది. నాలుగో విడత తేదీ తెలియగానే రాయి. ఆ రోజుకు నేను విశాఖ వస్తాను, ఎకో కాగితం కూడా చూస్తాను.

నీ
రాఘవ