మా బడి మూతకు బాధ్యులెవరో చెప్పండి, మంత్రి గారూ

నార్వే స్థానిక పాలన, ప్రాంతీయాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇదివరకు మీ భాషలోనే రాశాం. ఊళ్లో తల్లిదండ్రులందరం సంతకాలు పెట్టి పంపిన అర్జీ అది. అందినట్టు ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది, అంతే. ఈసారి నార్వేజియన్ ప్రతితో పాటు నా మాతృభాషలో కూడా రాస్తున్నాను. ఉద్యోగాల కోసం ఈ దేశానికి వచ్చి, చిన్న ఊళ్లలో పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగువాళ్లు ఇంకా ఉన్నారు. మాకు జరిగింది వాళ్లకూ తెలియాలి.

మాది ఆర్కిటిక్ వలయానికి పైన, ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పేరు రాయడం లేదు. మా కొమ్యూనె (మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) కౌన్సిల్లో ఉన్నవాళ్లు మా ఇరుగుపొరుగువాళ్లే. బడి మూసేయాలని చెయ్యెత్తిన ఒకావిడ సమావేశం అయ్యాక బయట నిలబడి ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెను అక్కడిదాకా తెచ్చిన పద్ధతి మీదే నా కోపమంతా.

బడిలో పిల్లలు ఇరవై మంది కూడా లేరు, నిజమే. రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. మా పాప రెండో తరగతి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు అక్షరాలు దిద్దిస్తారు, స్కీలు తొడుగుతారు. నార్వేజియన్ ఒక్క ముక్క రాకుండా వెళ్లిన నా కూతురు ఏడాది తిరక్కుండా ఇంట్లో నా తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. అలాంటి బడి వచ్చే ఆగస్టు నుంచి ఉండదు. పోయిన డిసెంబర్‌లో బడ్జెట్‌తో పాటు, మిగతా కోతల మధ్య ఒక పద్దుగా దాని మూసివేతను కూడా ఆమోదించేశారు.

ఇక మా పిల్లలు వెళ్లాల్సింది కొమ్యూనె కేంద్రంలో ఉన్న బడికి. ఆ దారి సంగతి మీకు వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇప్పటిదాకా నేను చదివిన ఏ కాగితంలోనూ ఆ దారి లేదు, కిలోమీటర్లు మాత్రమే ఉన్నాయి.

ఒక పక్క కొండ, ఇంకో పక్క నీళ్లు. రోడ్డు సన్నం. రెండు పెద్ద బండ్లు ఎదురైతే ఒకటి ఆగాలి. చేపల లారీలు పగలూ రాత్రీ అదే దారిలో తిరుగుతాయి. చలికాలంలో కొండ మీద నుంచి మంచు చరియలు జారతాయి. జారతాయని అనుమానం వచ్చినా రోడ్డు మూసేస్తారు, అది మంచికే. గాలి ఎక్కువగా ఉన్న రోజు మంచు తీసే బండి ముందు నడుస్తుంటే, మిగతా బండ్లన్నీ వరుస కట్టి దాని వెనకాల వెళ్లాలి. ఆ వరుస ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. నవంబర్ చివరి నుంచి జనవరి సగం దాకా మాకు సూర్యుడు కనిపించడు. అంటే నా కూతురు చీకట్లో, రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకుని, రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడాలి. వెలుతురంటూ ఉండే ఆ కాసేపు క్లాసు గదిలో ఉండి, మళ్లీ చీకట్లోనే తిరిగి రావాలి.

రెండో తరగతి నుంచి పైవాళ్లకు నాలుగు కిలోమీటర్లు దాటితే ఉచిత బస్సు హక్కు అని చట్టం చెబుతుంది. బస్సు ఇస్తారని తెలుసు. ఆ బస్సులో ఏడేళ్ల పిల్ల ఎంతసేపు కూర్చోవచ్చో మాత్రం చట్టంలో నిమిషాల్లెక్కన లేదు. ప్రయాణం పిల్లలకు తగినట్టు ఉండాలంటారు. తగినట్టు ఉందో లేదో ఎవరు చూడాలి? ఆ బస్సులో ఎక్కి ఒక్కసారైనా వచ్చినవాళ్లు చూడాలి కదా!

ఇంకో ముఖ్యమైన విషయం. నేను వృద్ధుల సంరక్షణ కేంద్రంలో షిఫ్టుల్లో పనిచేస్తాను. నా భర్త సాల్మన్ చేపల ఫారంలో. ఇప్పుడైతే బడి అయ్యాక పాప అక్కడే, బడి వేళల తర్వాత పిల్లల్ని చూసుకునే ఎస్‌ఎఫ్‌ఓలో ఉంటుంది, ఎవరు ముందు దిగితే వాళ్లు నడిచి వెళ్లి తీసుకొస్తాం. రేపటి నుంచి? బడి బస్సు హక్కు బడి వేళలకే గానీ ఎస్‌ఎఫ్‌ఓకి వర్తించదు. పాప ఎస్‌ఎఫ్‌ఓలో ఉండిపోతే తిరిగి రావడానికి బస్సు ఉండదు. బస్సెక్కి వచ్చేస్తే ఇంట్లో ఎవరూ ఉండరు. అంటే మా ఇద్దరిలో ఒకరు పని తగ్గించుకోవాలి. నేను తగ్గించుకుంటే ఆ షిఫ్టులో మీ పెద్దవాళ్లను చూసేవాళ్లు లేరు. నర్సులు దొరకడం లేదని మా కొమ్యూనె ఏడాది పొడుగునా ప్రకటనలు ఇస్తూనే ఉంది. బడి మూసి మిగిల్చిన డబ్బు ఏజెన్సీ నర్సులకు పోతుంది. ఈ లెక్క ఎవరైనా వేశారా? నేను అడిగాను. వేసినట్టు ఎవరూ చూపించలేదు.

రోడ్డు మూసిన రోజు పిల్లలు అవతలి పక్క ఉండిపోతే ఏం చేస్తారని అడిగాను. ఏర్పాట్లు చేస్తామన్నారు. ఏ ఏర్పాట్లు? రాత్రికి ఎక్కడ పడుకుంటారు? ఎవరు అన్నం పెడతారు? మా పాప నేను పక్కన లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోలేదు మంత్రి గారూ. నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. వాతావరణ హెచ్చరిక వచ్చినప్పుడల్లా వచ్చే ఏడాది ఇదే రోజు ఎలా ఉంటుందోనని కడుపులో తిప్పేస్తుంది.

ఈ బాధ చెప్పుకోవడానికి తిరగని చోటు లేదు. కొమ్యూనెని అడిగితే డబ్బు లేదంటుంది. బస్సు, రోడ్డు జిల్లా పాలన చేతిలో ఉన్నాయంటుంది. జిల్లావాళ్లను అడిగితే బడి మా పరిధి కాదు, బడి ఎక్కడ ఉంటే అక్కడికి బస్సు నడపడమే మా పని అంటారు. కౌన్సిల్లో ముగ్గురు సభ్యులు కలిసి కోరితే జిల్లాలో ఉండే కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ఆ నిర్ణయం చట్టబద్ధమో కాదో చూస్తారు. అదీ అయింది. తల్లిదండ్రుల అభిప్రాయం అడిగారా, ఎనిమిది వారాల గడువు ఇచ్చారా, పిల్లల మేలు గురించి ఒక పేరా రాశారా అన్నవి చూశారు. అన్నీ ఉన్నాయి. పద్ధతి ప్రకారమే జరిగిందని ఫైలు మూసేశారు. ఆ పేరాలో రాసింది నిజమా కాదా అని చూసే అధికారం వాళ్లకు లేదట. ఇక మీ పై స్థాయిలో ఎప్పుడూ వినిపించే మాట ఒక్కటే: స్థానిక స్వపరిపాలన, మేం జోక్యం చేసుకోలేం.

స్థానిక స్వపరిపాలనంటే నాకు చాలా గౌరవం. 1837లోనే ఈ దేశం రైతులకు, జాలరులకు తమ ఊరిని తామే ఏలుకునే చట్టం ఇచ్చిందని పౌరసత్వం క్లాసులో చదువుకున్నప్పుడు ఒళ్లు పులకరించింది. 2016లో ఆ హక్కును రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కానీ డబ్బు సంచి మీ దగ్గర పెట్టుకుని, ఏ పనులు చేయాలో చట్టాలు కూడా మీరే చేసి, ఏది మూసేయాలో మాత్రం వాళ్లను తేల్చుకోమంటే అది స్వపరిపాలన ఎలా అవుతుంది? చేతులు కట్టేసి ఈదమన్నట్టుంది. రెండు వందల మంది ఉన్న ఉత్సిరా అనే దీవి కొమ్యూనెకూ, ఏడు లక్షలు దాటిన ఓస్లోకూ చట్టం అప్పగించే బాధ్యతలు ఒక్కటే. బడి, వృద్ధుల సంరక్షణ, డాక్టరు, పిల్లల రక్షణ, నీళ్లు, అన్నీ. ధరలు పెరిగాయి, 2023 చివరికి కీలక వడ్డీ 4.5 శాతానికి చేరింది, అప్పులున్న కొమ్యూనెల నడుం విరిగింది. మనుషులు తగ్గితే తలసరి లెక్కన వచ్చే డబ్బు తగ్గుతుంది. కానీ రోడ్డు పొడవు తగ్గదు కదా, కొండ జరగదు కదా. లోటు పూడ్చలేకపోతే రోబెక్ అనే, ఆర్థికంగా చితికిన కొమ్యూనెల జాబితాలో పేరు ఎక్కుతుంది, ఆ తర్వాత అప్పు తీసుకోవాలన్నా పైనుంచి అనుమతి కావాలి. ఆ భయంతోనే మావాళ్లు చెయ్యెత్తారు. దీన్ని వాళ్ల ఇష్టప్రకారం తీసుకున్న నిర్ణయమని ఎలా అంటారు?

2024 డిసెంబర్‌లో దేశపు చమురు నిధి 20 లక్షల కోట్ల క్రోనర్లు దాటింది. అందులోంచి ఏడాదికి ఎంత వాడాలో నియమం ఉందని తెలుసు, ఆ క్రమశిక్షణ మంచిదే. దాన్ని విరిచి మాకు పంచమని అడగడం లేదు. ఇంత ఉన్న దేశంలో ఏడేళ్ల పిల్ల బడి ఒక కొమ్యూనె లోటు కింద పోవడం నాకు మింగుడు పడటం లేదు.

సరిహద్దు గీతలు గీయడానికి మాత్రం ఎప్పుడూ ఓపిక ఉంటుంది. 2020లో కొమ్యూనెలను 356కి తగ్గించారు. ట్రోమ్స్‌ను, ఫిన్‌మార్క్‌ను ఒకే జిల్లా చేశారు. 2018లో ఫిన్‌మార్క్ జనం ఓటేసి 87 శాతం మంది వద్దన్నా వినలేదు. 2024 జనవరి 1న మళ్లీ విడదీశారు. బోర్డులు మార్చారు, లెటర్‌హెడ్‌లు మార్చారు, కంప్యూటర్ వ్యవస్థలు కలిపి మళ్లీ చీల్చారు. ఆ నాలుగేళ్లలో మా రోడ్డు మీద చరియలు పడే చోట ఒక్క రక్షణ కప్పు వేయలేదు. మా ఆంధ్రాలోనూ 2022లో జీవో 117 పెట్టి ప్రాథమిక బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు, తర్వాతి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఈలోపు బడి మారిన పిల్లలు ఆ ఏళ్లను తిరిగి తెచ్చుకోలేరు. అందుకే మూసేశాక విచారించకండి, మూయకముందే ఆపండి.

ఉత్తరాన మనుషులు ఉండాలని మీరే కోరుకుంటున్నారు. ఫిన్‌మార్క్, ఉత్తర ట్రోమ్స్‌లో 1990 నుంచి విద్యా రుణాల్లో మాఫీలు, పన్ను తగ్గింపులు ఇస్తున్నారు. ఉత్తరపు మూడు జిల్లాల్లో ఇళ్ల కరెంటు మీద వ్యాట్ కూడా లేదు. ఇన్ని ఇచ్చి పిలిచి, పిల్లలు పుట్టాక బడి తీసేస్తే ఎవరుంటారు? మా వీధిలో ఒక కుటుంబం ఇల్లు అమ్మకానికి పెట్టేసింది. ఇంకో ఇద్దరు ఆలోచిస్తున్నారు. మేమూ ఆలోచిస్తున్నాం, వెళ్లాలని లేకపోయినా.

నాకు ఇంకా ఈ దేశపు పౌరసత్వం రాలేదు. పార్లమెంటుకు ఓటు లేదు. మూడేళ్లు నిండాయి కాబట్టి 2023 సెప్టెంబర్‌లో కొమ్యూనెకూ జిల్లాకూ ఓటేశాను. వేలు మీద సిరా లేకుండా బయటికి వచ్చినా, ఎంతో గర్వంగా వచ్చాను. నేను ఓటేయగలిగిన రెండు చోట్లా మా దగ్గర ఏమీ లేదంటున్నారు. ఉన్నది మీ దగ్గర, మీకు నేను ఓటేయలేను. మరి నేను ఎవరిని నిలదీయాలి?

మంత్రి గారూ, బతిమాలుతున్నాను. అక్టోబర్‌లో మీ ప్రభుత్వం బడ్జెట్ పెడుతుంది. ఈలోపు మాలాంటి బడుల కోసం ఇంత అని విడిగా, వేరే దేనికీ మళ్లించలేకుండా డబ్బు కేటాయించండి. రోడ్డు భద్రత తేలేదాకా ఈ మూసివేతలు ఆపండి. పిల్లలు బస్సులో ఎంతసేపు ఉండవచ్చో చట్టంలో రాయించండి. ఎస్‌ఎఫ్‌ఓ పిల్లలకూ బస్సు ఇప్పించండి. ఇవేవీ చేయలేకపోతే, ఎందుకు చేయలేరో మీ సంతకంతో రాసి పంపండి. లేదంటే జనవరిలో ఒక ఉదయం వచ్చి, మా పిల్లలతో పాటు ఆ బస్సెక్కండి. కాఫీ మా ఇంట్లో తాగుదురుగాని. మళ్లీ ఆటోమేటిక్ మెయిల్ మాత్రం పంపకండి.

ఇట్లు,
రెండో తరగతి చదివే పాప తల్లి,
ఉత్తర నార్వే