మా కేబుల్ తయారీ లైన్‌ను ఆపేసిన ఒక్క ఉత్తరం: కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

పేటెంట్ల వ్యవహారాలు చూసే గౌరవనీయ కేంద్ర మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో వినతి. మొదటి మూడింటికి రసీదు నంబర్లు వచ్చాయి, జవాబు రాలేదు. అవి మీ దాకా చేరాయో లేదో తెలియక ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

హైదరాబాద్ శివార్లలో మాది చిన్న ఫైబర్ కేబుల్ యూనిట్. కరెంటు స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే డ్రాప్ కేబుల్ చేస్తాం. మధ్యలో ఫైబర్, దానికి అటూ ఇటూ బలానికి రెండు రాడ్లు, బరువు మోసే తీగ, మీద నల్ల జాకెట్. పద్నాలుగు మంది దాని మీదే బతుకుతున్నారు.

నిరుడు ఒక పెద్ద కంపెనీ ఉత్తరాలు పంపింది. మాకు కాదు, మా దగ్గర కొనేవాళ్లకు. 'ఈ తరహా కేబుల్ మీద మాకు పేటెంట్ ఉంది, నంబరు ఇది, గమనించగలరు.' అంతే. అందులో మా పేరు లేదు, కేసు వేస్తామనీ లేదు. వారం తిరక్కుండా రెండు ఆర్డర్లు ఆగాయి. ఒక పర్చేజ్ మేనేజర్ గారు ఫోన్ చేసి, "మీ సరుకు మంచిదేనండీ, కానీ ఈ టెన్షన్ మాకెందుకు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను.

పేటెంట్ల చట్టం 106వ సెక్షన్ మీకు తెలియనిది కాదు. ఆధారం లేకుండా బెదిరిస్తే కోర్టుకు వెళ్లి ఆపించుకోవచ్చు, నష్టపరిహారమూ అడగొచ్చు. కానీ పేటెంట్ ఉందని తెలియజేసినంత మాత్రాన అది బెదిరింపు కాదని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. ఆ ఉత్తరం రాసినవాళ్లు ఆ వాక్యం చదివే రాశారు. పరిశీలించి ఇచ్చారు కదా అని పేటెంట్ చెల్లుతుందన్న హామీ ఏమీ లేదని 13వ సెక్షన్ అంటోంది. ఆ మాట మా కొనుగోలుదారులకు ఎవరు చెబుతారు సార్?

పేటెంట్‌నే సవాలు చేయమంటారు. మంజూరైనట్టు ప్రకటించిన ఏడాదిలోపు అయితే పేటెంట్ ఆఫీసులోనే అభ్యంతరం పెట్టొచ్చు. మాకు తెలిసేసరికి ఆ గడువు దాటింది. ఇలాంటి సవాళ్లు వినే, చెన్నై కేంద్రంగా ఉండే మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డును 2021లో రద్దు చేశారు. ఇక మిగిలింది హైకోర్టే. లాయరు గారు మొదటి విడతకు చెప్పిన ఫీజు మా నెల జీతాల కన్నా ఎక్కువ. వాళ్లు దరఖాస్తు పెట్టక ముందే మేం ఇదే కేబుల్ అమ్మిన బిల్లులు బీరువాలో ఉన్నాయి; అంటే అది వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. వాటిని చూసే మనిషి కావాలి, అంతే.

పెద్దవాళ్ల సంగతి వేరు. 2024 ఆగస్టులో అమెరికాలో కేబుల్ కంపెనీ ప్రిస్మియన్ వేసిన కేసులో, మన దేశపు ఫైబర్ కేబుల్ కంపెనీ స్టెర్‌లైట్‌కు అక్కడున్న సంస్థ 9.65 కోట్ల డాలర్లు కట్టాలని జ్యూరీ చెప్పింది. అది పేటెంట్ కేసు కాదు, వ్యాపార రహస్యాలది. అంత దెబ్బ తగిలినా స్టెర్‌లైట్ నడుస్తూనే ఉంది. మాకు ఉత్తరం ఒక్కటే చాలింది.

కష్టపడి కనిపెట్టినవాళ్ల ఇరవై ఏళ్ల హక్కును తీసేయమని నేను అడగడం లేదు. కొనేవాళ్లకు రాసే ముందు తయారుచేసే మాకు రాయాలి, మా కేబుల్‌లో ఏ భాగం వాళ్లదో చెప్పాలి. 106 కింద ఉన్న ఆ వివరణను మార్చండి. చిన్న యూనిట్ల మాట తక్కువ ఖర్చుతో, తొందరగా వినే చోటు చూపించండి. దయచేసి ఆ వివరణ సంగతి చూడండి సార్, మమ్మల్ని కట్టేసింది అదే.

ఆరు వారాలుగా జాకెట్ వేసే మెషిన్ ఆగే ఉంది. పదో తేదీన జీతాలివ్వాలి. ఈసారైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక చిన్న కేబుల్ యూనిట్ యజమాని,
హైదరాబాద్