ఐర్లండ్‌ను చీల్చింది 1921 ఒప్పందం కాదు

సంపాదకులకు,

ఐర్లండ్ స్వాతంత్ర్యం గురించి రాసిన చోటల్లా బ్రిటిష్ ప్రభుత్వానికీ ఐరిష్ నాయకులకూ మధ్య 1921 డిసెంబరు 6న కుదిరిన ఒప్పందమే దేశాన్ని రెండు ముక్కలు చేసిందన్న మాట కనిపిస్తోంది. తేదీలు వరసగా పెట్టి చూస్తే అది నిలవదు. ఐర్లండ్‌ను ఉత్తర, దక్షిణాలుగా విడదీస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1920లో చేసిన ఐర్లండ్ ప్రభుత్వ చట్టం 1921 మే 3న అమల్లోకి వచ్చింది. జూన్ 22న బెల్‌ఫాస్ట్‌లో ఉత్తరాది పార్లమెంటును అయిదో జార్జి స్వయంగా ప్రారంభించాడు. బ్రిటిష్ సేనలకూ ఐరిష్ తిరుగుబాటుదారులకూ మధ్య కాల్పుల విరమణ ఆ తర్వాత, జులై 11న. ఐరిష్ ప్రతినిధులు గ్రిఫిత్, కాలిన్స్ లండన్‌లో చర్చలకు కూర్చునేసరికే ఉత్తరాదిలో వేరే ప్రభుత్వం నడుస్తోంది.

ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌లో ఉన్నవి తొమ్మిది కౌంటీలు (జిల్లాల్లాంటివి). అన్నీ కలిపితే బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల ఆధిక్యం బొటాబొటి. అందుకే డొనెగాల్, కావన్, మొనహన్‌లను వదులుకుని ఆరింటితో సరిపెట్టుకున్నారు. ఆ ఆరింటిలోనూ టైరోన్, ఫర్మానాల్లో స్వతంత్ర ఐర్లండ్ కోరే జాతీయవాదులదే పైచేయి. వాటినీ వదిలితే మిగిలేది నాలుగు కౌంటీలే.

ఒప్పందం చేసిన అసలు చేటు 12వ అధికరణంలో ఉంది. ఒప్పందంతో ఏర్పడే కొత్త ఐరిష్ రాజ్యమైన ఫ్రీ స్టేట్‌లో ఉత్తరాది చేరనంటే ముగ్గురు సభ్యుల కమిషన్ సరిహద్దును తిరిగి నిర్ణయించాలి. ప్రజల కోరికను పాటించాలి, కానీ ఆర్థిక, భౌగోళిక పరిస్థితులకు పొసిగినంత మేరకే. ఆ కోరికను తెలుసుకోవడానికి ఓటింగు పెట్టాలని లేదు. లెక్క కౌంటీల వారీగానా, ఇంకా చిన్న ప్రాంతాల వారీగానా అన్నది లేదు. గడువూ లేదు. ఇన్ని ఖాళీలున్న నిబంధనను నమ్ముకుని టైరోన్, ఫర్మానా వచ్చేస్తాయని ఐరిష్ నాయకులు ఆశపడ్డారు, పైగా డబ్లిన్‌లో అదే చెప్పుకున్నారు!

డబ్లిన్‌లోని ఐరిష్ పార్లమెంటు డాయిల్‌లో ఒప్పందంపై చర్చంతా రాజుకు విధేయతా ప్రమాణం చుట్టూనే తిరిగింది. సరిహద్దు ఊసు చాలా తక్కువ. 1922 జనవరి 7న 64–57 ఓట్లతో ఒప్పందం నెగ్గింది, జూన్ 28న ఒప్పందాన్ని ఒప్పుకున్నవారికీ కాదన్నవారికీ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. విభజన వల్లే ఆ యుద్ధం వచ్చిందనడం కూడా సరికాదు.

ఉత్తరాది 1922 డిసెంబరు 7న ఫ్రీ స్టేట్ నుంచి తప్పుకుంది. కమిషన్ కూర్చున్నది మాత్రం 1924 నవంబరులో. తమ సభ్యుణ్ణి పంపేందుకు బెల్‌ఫాస్ట్ ఒప్పుకోకపోతే లండనే ఫిషర్‌ను నియమించింది. ఫ్రీ స్టేట్ తరఫున ఓయిన్ మెక్‌నీల్, అధ్యక్షుడిగా దక్షిణాఫ్రికా జడ్జి ఫీథమ్. చిన్న సవరణలే తమ పని అని ఫీథమ్ తేల్చేశాడు. అధ్యక్షుడే అలా తేల్చాక కౌంటీలకు కౌంటీలు చేతులు మారే దారి మూసుకుపోయింది.

1925 నవంబరు 7న మార్నింగ్ పోస్ట్ పత్రిక కమిషన్ ప్రతిపాదనల పటాన్ని అచ్చేసింది. డొనెగాల్ తూర్పు భాగంలో కొంత ఉత్తరాదికి పోతుందని అందులో ఉండడంతో డబ్లిన్ గగ్గోలెత్తింది, మెక్‌నీల్ రాజీనామా చేశాడు. డిసెంబరు 3న మూడు ప్రభుత్వాలూ ఉన్న గీతనే ఉంచేసుకున్నాయి. బదులుగా బ్రిటిష్ ప్రభుత్వ అప్పులో ఫ్రీ స్టేట్ మోయాల్సిన వాటా రద్దయింది. కమిషన్ నివేదికను 1969 దాకా అచ్చు వేయలేదు.

— ఒక చరిత్ర అధ్యాపకుడు