నీ టీకా కార్డు దొరికింది

అమ్మలూ,

ఇంకా టీకా పడని బుజ్జిగాడికి తట్టు (మీజిల్స్) అంటుకుంటుందేమోనని నిన్న ఫోన్‌లో నువ్వు కంగారుగా అడిగితే సరిగా చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు ఊరూరా టీకాలు వేసినదాన్ని, నీ దగ్గర మాత్రం మాట తడబడింది.

బుజ్జిగాడికి ఎనిమిదో నెల. ఇక్కడైతే తొమ్మిది నిండగానే సూది పడేది, మీ టెక్సాస్‌లో ఏడాది ఆగమంటారు. నాకు చిన్నప్పుడు తట్టు పోసింది, వేపమండల మీద పడుకోబెట్టారు. అలా జబ్బుపడి లేచిన తల్లి నుంచి బిడ్డకు అందే రక్షణ ఎక్కువ. నీది టీకాతో వచ్చింది కాబట్టి వాడికి కొంచెమే అంది ఉంటుంది, అదీ త్వరగా కరిగిపోతుంది. ఇప్పుడు వాడికి అడ్డుగోడ చుట్టూ ఉన్న, రక్షణ కలిగిన మనుషులే.

అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల సంగతి ట్రైనింగులో చెప్పారు. 1781లో అక్కడ తట్టు వచ్చి పోయింది. తర్వాత 65 ఏళ్లు దాని ఊసే లేదు. 1846లో ఓడలో ఒకడు మోసుకొస్తే, 7,800 మంది జనాభాలో దాదాపు 6,000 మంది మంచమెక్కారు. చూడ్డానికి వెళ్లిన పానుమ్ అనే కుర్ర డాక్టరు గమనించిందేమిటంటే, 1781లో తట్టు పోసిన ముసలివాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదు. కానీ ఆ కొద్దిమంది ముసలివాళ్లు ఇంటిల్లిపాదినీ ఎలా కాస్తారు?

తట్టు ఒకరి నుంచి పదిహేను మందికి అంటుతుందనుకో. అందులో పద్నాలుగు మందికి ముందే రక్షణ ఉంటేనే అది ఒక్కరితో సరిపెట్టుకుంటుంది. నూటికి 95 మందికి టీకా పడాలని మేం గొంతు చించుకునేది అందుకే.

అయితే సగటు లెక్క నమ్మకు. మా రిజిస్టరులో అంకెలు బ్రహ్మాండంగా ఉండేవి, తట్టు మాత్రం రిజిస్టరుకెక్కని ఇటుకబట్టీ పిల్లలకు వచ్చింది. 2025లో మీ దగ్గరా అంతే. రాష్ట్రం మొత్తం మీద బళ్లో చేరే పిల్లల్లో నూటికి 93 మందికి పైగా టీకాలున్నా, వద్దనుకున్న కుటుంబాలు గుంపుగా ఉన్న గెయిన్స్ కౌంటీ చుట్టుపక్కల మొదలై 762 మందికి పాకింది. ఇద్దరు పిల్లలు పోయారు.

వాణ్ని ఆడించడానికి వచ్చే ఇళ్లలో టీకాలు అడుగు, మొహమాటపడకు. చుట్టుపక్కల కేసులుంటే ఆరు నెలలు దాటిన పిల్లలకు ముందే ఒక డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మళ్లీ మామూలు రెండు డోసులూ వేయించాలి. మీ డాక్టరుతో మాట్లాడు.

ట్రంకుపెట్టెలో నీ పాత కార్డు దొరికింది. మీ రోజుల్లో ఇక్కడ ఒక్క డోసే వేసేవాళ్లం. రెండోది అక్కడ వేయించుకున్నావా? అల్లుడుగారినీ అడుగు. కార్డు ఫోటో రాత్రికి పంపుతాను.

మీ అమ్మ