ట్రీట్ చేసిన గుంజలు నేలలో ఎన్నేళ్లు ఆగుతాయి? మేం చెప్పిన మాట సరిదిద్దుకుంటున్నాం

మా దగ్గర ట్రీట్ చేసిన, అంటే కుళ్లకుండా మందు ఎక్కించిన, కర్ర కంచె గుంజలు కొన్నవాళ్లందరికీ ఒక విషయం చెప్పాలి. ఎన్నేళ్లు వస్తాయని మీరు అడిగినప్పుడల్లా 'ఇరవై ఏళ్లు ఢోకా లేదు' అంటూ వచ్చాం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆరేళ్ల కిందట మేం అమ్మిన కంచెలో మూడు గుంజలు ఒరిగిపోయాయని పోయిన నెల ఒక కస్టమర్ ఫోన్ చేశారు. నేనే వెళ్లి తవ్వాను. పైనుంచి చూస్తే గుంజ బాగానే ఉంది. నేలమట్టం దగ్గర స్క్రూడ్రైవర్ గుచ్చితే మాత్రం పైపొర దాటగానే పిడి దాకా దిగిపోయింది. పైకి లాగాక చూస్తే చుట్టూ వేలెడు మందాన గట్టి చెక్క, లోపలంతా గళ్లుగళ్లుగా పగిలిన గోధుమరంగు పొడి. అడుగు కొసన రంపపు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. గుంజ పొడవు ఎక్కువైందంటే కింద ఒక అడుగు పొడవు కోసి ఇచ్చింది మా షాపులోనే. కోసిన చోట మందు పూయలేదు. తప్పు మాదే. ఆ మూడు గుంజలూ డబ్బు తీసుకోకుండా మార్చాం.

ప్రెషర్ ట్రీట్‌మెంట్ అంటే మందు కర్రంతా పట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆరిన కర్రను పెద్ద సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో ద్రావణం ఎక్కిస్తారు. బయటి లేత చెక్క దాన్ని బాగా పీలుస్తుంది. లోపలి చేవలోకి దాదాపు దిగదు. అందుకే లేత చెక్క చుట్టూ చెక్కుచెదరకుండా ఉండే గుండ్రటి గుంజ, దుంగను రంపంతో పలకలుగా కోసి చేసిన గుంజ కంటే నమ్మకం. అడుగు కొస కోశామంటే మందు పట్టని లోపలి చెక్కను తడి మట్టిలో పెట్టినట్టే.

గుంజ నేలమట్టం దగ్గరే విరగడానికీ కారణం ఉంది. కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రానికి నీరూ గాలీ రెండూ కావాలి. లోతున తడి ఉన్నా గాలి తక్కువ. పైన గాలి ఉన్నా కర్ర ఆరిపోతుంది, తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు మొదలుకాదు. మట్టికి కాస్త పైనా, జానెడు కిందా మాత్రం రెండూ దొరుకుతాయి. చుట్టూ కాంక్రీటు పోసి పైభాగం గిన్నెలా వదిలేస్తే నీళ్లు అక్కడే నిలుస్తాయి. కాంక్రీటు పోస్తే బయటికి వాలు ఇవ్వండి, గుంత అడుగున కంకర వేయండి.

పాత గుంజలు అన్నేళ్లు ఉన్నాయి, ఇవెందుకు ఉండవని కొందరు అడుగుతున్నారు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఆ పాత మందును 1933లో కనిపెట్టింది సొంటి కామేశం గారు, మన తెలుగు పేరే. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల వాడకానికి ఆపేశారు. ఇప్పటి మందులు ఎక్కువగా రాగి మీద ఆధారపడతాయి. రాగిని తట్టుకునే శిలీంధ్రాలూ ఉన్నాయి. కాబట్టి పాత గుంజ వయసు చూసి కొత్తదాన్ని లెక్కకట్టలేం. మందు ఎంత ఎక్కించారన్నదే ముఖ్యం, ఆకుపచ్చ రంగు దానికి రుజువు కాదు. యూరప్ ప్రమాణాల్లో యూజ్ క్లాస్ 4, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో హెచ్4 అంటే నేలలో పాతడానికి తగినదని అర్థం. హెచ్3 నేలపైన వాడకానికే.

ఇకపై నేను చెప్పేది ఇదీ. తగిన గ్రేడు గుంజ, అడుగు కోయకుండా, నీళ్లు ఇంకిపోయే నేలలో పాతితే ఇరవై ఏళ్లు ఆశించవచ్చు. ఎప్పుడూ తడిగా ఉండే బంకమట్టిలో అయితే పది, పదిహేను దాటి మాట ఇవ్వను. కోసిన కొస మట్టిలో ఉంటే ఏ లెక్కా చెప్పను.

మేం ఇక గుంజ అడుగు కోయం. పొడవు తగ్గించాలంటే పైకొస కోసి కాపర్ నాఫ్తనేట్ (కుళ్లు పట్టకుండా పూసే రాగి మందు) రెండు పూతలు వేసి ఇస్తాం. ఇంతకుముందు మా దగ్గర కోయించుకున్నవాళ్లు గుంజ మొదట్లో జానెడు మట్టి తీసి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, సుత్తితో తట్టండి. మెత్తగా దిగినా, డొల్లగా మోగినా ఫోన్ చేయండి, బిల్లు లేకపోయినా వచ్చి చూస్తాం. తీసేసిన పాత గుంజల్ని మాత్రం పొయ్యిలో పెట్టకండి, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించినవైతే ఆ బూడిదలో ఆర్సెనిక్ మిగులుతుంది.