తాడుతో ముడి నేర్పిన నేవీ సార్‌కు

సార్, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నేవీలో రిటైరై మా కర్నూలులో స్థిరపడిన మీరు, ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి మా అమ్మాయికీ, తనతోటి హైస్కూల్ ఎన్‌సీసీ పిల్లలకూ పైసా తీసుకోకుండా నేర్పారు. సముద్రం చూడని పిల్లలు వీళ్లు. తెలిసిన నీళ్లంటే తుంగభద్ర, కేసీ కెనాలే.

మొదటి రోజు మీరు తెచ్చింది బావి చేదతాడు. దాంతో బౌలైన్ ముడి వేయించారు. ఎంత బరువు పడినా ఉచ్చు బిగుసుకోదు, పని అయ్యాక సులువుగా ఊడొస్తుంది. "నీళ్లలో ఉన్న మనిషి నడుముకు జారుముడి వేస్తే ఊపిరాడదమ్మా" అన్నారట. 2009 అక్టోబరు వరదలో మా ఇంట్లోకి నీళ్లొచ్చిన రాత్రి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. అప్పుడు మా వీధిలో ఈ ముడి ఎవరికీ తెలియదు. ఇప్పుడు మా పిల్ల కళ్లు మూసుకుని వేస్తుంది.

ఎన్‌సీసీ వాళ్ల 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష ముందు అది టెన్షన్‌తో ఏడుస్తుంటే మీరు గదమాయించలేదు. పక్కన కూర్చుని, మొదటిసారి ఓడెక్కినప్పుడు మీకు వాంతులైన సంగతి చెప్పారు. అది నవ్వింది, ఇంటికొచ్చి అన్నం తింది. ఆ ఒక్క సాయంత్రానికే మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను సార్.